సర్దుకోవలసింది ఎవరు?

ఈ మధ్య మన సదస్సులలోను, పత్రికలలోను ఒక మాట బాగా చెలామణి అవుతున్నది. ఆ మాట "సర్దుబాటు". దేశం విడిచి వెళ్ళిన స్త్రీ నలభై దాటేసరికి ఎందుకు జబ్బు పడుతున్నది అని ప్రశ్న వేసుకుంటారు. కొత్త సంస్కృతితో సర్దుబాటు కాలేక అని తామే జవాబు చెప్పుకుంటారు. లేతమొక్క ఎక్కడ నాటినా వేరు తొక్కుతుందట. ముదురుచెట్టును పెకలించి నాటితే వాడిపోతుందట. ఉపమానం అందంగానే వున్నది. కాని ఆ చెట్టును పెకలించిన చేయి ఎవరిది, ఎవరి తోటకోసం పెకలించారు, కాయలు ఎవరు కోసుకుంటున్నారు అనే ప్రశ్నలు అందులో ఎక్కడా లేవు. తప్పంతా చెట్టు వయస్సుది!

నేను చెప్పదలచుకున్నది ఇది: వలసపోయిన నడివయస్సు స్త్రీ సర్దుకోలేక జబ్బు పడటం లేదు, సర్దుకుని, సర్దుకుని జబ్బు పడుతున్నది. ఆమె నిద్రను యజమాని వేళకు సర్దుకున్నది. మోకాళ్ళను ఆ ఇంటి మెట్లకు సర్దుకున్నది. మందును, ముట్టును, ఏడుపును కూడా సర్దుకున్నది. ఆమె చుట్టూ వున్న యజమాని గాని, చట్టం గాని, పంపించిన ప్రభుత్వం గాని ఆమెకోసం వీసమెత్తు సర్దుకోలేదు. ఈ ఏకపక్షపు ఏర్పాటుకు "సంస్కృతి" అని పేరు పెట్టడం వైద్యశాస్త్రమూ కాదు, సాహిత్య విమర్శా కాదు. అది యజమాని తరఫు వకాలతు.

మొదట ఈ "ప్రవాస స్త్రీ" ఎవరో తేల్చుకోవాలి. మన ప్రవాస సాహిత్యమని చెప్పుకుంటున్న దానిలో ఆమె దాదాపు ఎప్పుడూ అమెరికాలోనే వుంటుంది. ఆమెకు మంచు, ఒంటరితనం, తెలుగు మాట్లాడని మనుమలు, ఉగాదినాడు దొరకని వేపపువ్వు, ఇవీ బాధలు. ఆ బాధలు అబద్ధాలని నేను అనను. వాటి దగ్గరకు తరువాత వస్తాను. కాని కోనసీమలో పాఠాలు చెప్పే నాబోటి ఉపాధ్యాయునికి ప్రవాస స్త్రీ అనగానే మరొకామె కనిపిస్తుంది. నా తరగతిలో కూర్చున్న పిల్లల పరీక్ష రుసుములు ఆమె పంపిన దినార్లతో కట్టినవి. రాజోలు, పి.గన్నవరం, నరసాపురం ప్రాంతాలనుంచి, అటు రాయలసీమలో రాజంపేట, రాయచోటి ప్రాంతాలనుంచి కువైట్‌కు, మస్కట్‌కు, సౌదీకి ఇంటిపనికి వెళ్ళిన స్త్రీలు ఒక తరం కాదు, రెండు తరాలవారు వున్నారు. ఎక్కువమంది దళిత, వెనుకబడిన కులాల కూలికుటుంబాల వారు. రాయలసీమనుంచి పేద ముస్లిం స్త్రీలు కూడా. ఊళ్ళో వారిని "కువైట్ వెళ్ళింది" అంటారు. అక్కడ వారిని "ఖద్దామా" అంటారు. పనిమనిషి అని దాని అర్థం. రెండుచోట్లా ఆమెకు పేరు లేదు.

ఈమె నడివయస్సులోనే ఎందుకు వెళుతున్నది? కుటుంబావసరం అని చెప్పి ఊరుకోవచ్చు. పిల్లల చదువులు, ఆడపిల్లల పెళ్ళిళ్ళు, అప్పులు నెత్తిమీదికి వచ్చే వయస్సు అదే. కాని దాని వెనుక ఒక ప్రభుత్వ నిబంధన కూడా వున్నది. పదవ తరగతి చదవనివారి పాస్‌పోర్టుమీద, వలస అనుమతి అవసరమైన పద్ధెనిమిది దేశాలకు ఇంటిపనికి వెళ్ళే స్త్రీకి ముప్ఫయ్యేళ్ళు నిండాలి. ఇది చిన్నవయస్సు స్త్రీలను కాపాడటానికి పెట్టిన నియమమని చెబుతారు. ఉద్దేశం ఏదైనా దాని ఫలితం చూడండి. ప్రసవాలు ముగిసిన స్త్రీని, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిపోయిన స్త్రీని, అత్యవసరం గొంతుమీద కూర్చున్న స్త్రీని ఏరి పంపినట్లయింది. గల్ఫ్ ఇంటికి అంతకంటె అనుకూలమైన పనిమనిషి వుంటుందా? ముప్ఫయి దాటితే ఆమెకు ప్రమాదం లేదని ఏ వైద్యుడు చెప్పాడు? ముప్ఫయి దాటాక ఆమె శరీరానికి వచ్చేవాటి సంగతి ఆ నిబంధనలో ఒక్క అక్షరం లేదు. అది స్త్రీ శీలాన్ని కాపాడే నిబంధన. స్త్రీ ఆరోగ్యాన్ని కాపాడేది కాదు.

ఈ "రక్షణ"కు పాత చరిత్ర వున్నది. 1860 నవంబరులో "ట్రూరో" అనే ఓడ మద్రాసు రేవునుంచి కూలీలను ఎక్కించుకుని నేటాల్ చేరింది. అందులో తెలుగువారు కూడా వున్నారు. ఆనాడు చెరుకుతోటలకు కూలీలను పంపే వ్యవస్థలో వలసదారుల సంరక్షకుడు అనే అధికారి వుండేవాడు. ఆయన సమక్షంలో కూలీల ఒళ్ళు తడిమి చూసి, పనికివస్తారని ధ్రువపత్రం ఇచ్చి ఓడ ఎక్కించేవారు. ఒప్పందకూలీ పోయింది. 1922లో ఒక వలసచట్టం, 1983లో మరొక వలసచట్టం వచ్చాయి. కాని ఆ అధికారి హోదా పేరు ఈనాటికీ అదే. ఒళ్ళు చూసే పద్ధతి కూడా మారలేదు. గల్ఫ్‌కు పోయేవారికి ముందుగా వారు గుర్తించిన కేంద్రంలో వైద్యపరీక్ష జరగాలి. ఛాతీకి ఎక్స్‌రే తీస్తారు. క్షయ వున్నదా, కామెర్ల వ్యాధి క్రిములు వున్నాయా, ఎయిడ్స్ వున్నదా చూస్తారు. స్త్రీ అయితే గర్భం వున్నదా చూస్తారు. ఫిట్, అన్‌ఫిట్ అని ముద్ర వేస్తారు.

ఈ పరీక్ష ఎవరికోసం? యజమాని ఇంటికి జబ్బు మోసుకురాకుండా, పని మధ్యలో కాన్పు రాకుండా చూసుకోవడంకోసం. పశువుల సంతలో పళ్ళు చూసేవాడు పశువు ఆరోగ్యంకోసం చూడడు గదా! దీనికి రుజువు కావాలంటే ఒక్క ప్రశ్న వేయండి. వెళ్ళేటప్పుడు ఇంత శ్రద్ధగా చూసిన శరీరాన్ని, పదేళ్ళు పనిచేసి తిరిగివచ్చినప్పుడు ఎవరైనా చూస్తున్నారా? విమానాశ్రయంలో సామాను సోదా చేస్తారు. బంగారం ఎంత తెచ్చిందో తూస్తారు. రక్తపోటు ఎంత తెచ్చింది, ఎముకల్లో ఎంత సున్నం పోగొట్టుకు వచ్చింది అని అడిగే అధికారి ఒక్కడూ లేడు. కొనేటప్పటి పరీక్ష వున్నది. వాడి పారేసిన తరువాతి పరీక్ష లేదు.

బీమా సంగతి కూడా చూడండి. అనుమతితో వెళ్ళే కార్మికులకు ప్రవాసీ భారతీయ బీమా యోజన వున్నది. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం కలిగినా పది లక్షలు. స్త్రీ కార్మికురాలికని ప్రత్యేకంగా కాన్పు ఖర్చుకు కొంత. ముప్ఫయి నిండితే గాని పంపము, గర్భం వుంటే పంపము అన్న ఏర్పాటే, స్త్రీకి ప్రత్యేకంగా రాగలిగిన కష్టం ఏమిటని ఆలోచించి, కాన్పు అని తేల్చింది! స్త్రీ శరీరం అనగానే మన వ్యవస్థకు గర్భసంచి ఒక్కటే గుర్తుకు వస్తుంది. అదీ బిడ్డ వున్నంతవరకే.

గర్భసంచి మాట వచ్చింది కనుక, "సర్దుబాటు" వాదులు దాటవేసే మరొక సంగతి చెప్పాలి. ఈ స్త్రీ ఆరోగ్యంగా బయలుదేరి అక్కడ చెడిపోయిందని అనుకోవడం పొరపాటు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ళ వయస్సులో గర్భసంచి తీయించుకున్న స్త్రీలు దేశం మొత్తంమీద నూటికి సుమారు ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను నూటికి ఎనిమిదిమందికి పైన. దేశంలో అగ్రస్థానం మనదే! ఎక్కువమందికి ఈ ఆపరేషన్ నలభై నిండకుండానే జరిగిపోతున్నది. తెల్లబట్ట అవుతోందని, నడుము నొప్పి అని, రక్తస్రావం అని పోయిన స్త్రీకి మందుతో నయమయ్యేదానికి కూడా కత్తి చూపించారు. "పిల్లలు పుట్టేశారు గదా, ఇంక దానితో పనేమిటి?" అన్నారు. కూలిపని మానుకుని నెలనెలా ఆసుపత్రి చుట్టూ తిరగలేని మనిషికి ఆ మాట సబబుగానే తోచింది. అండాశయాలు కూడా తీసేస్తే ఆ రోజుతోనే ముట్లుడుగు వయస్సు వచ్చిపడుతుంది. అవి వుంచినా కొన్నేళ్ళు ముందుగా వస్తుంది. మన దేశపు స్త్రీలకు సహజంగా ముట్లుడిగేది సగటున నలభై ఆరు, నలభై ఏడు ఏళ్ళకు. ముప్ఫయి అయిదుకే వచ్చిన స్త్రీకి ఎముకల బలం ముందే తగ్గుతుంది. గుండెజబ్బు ముప్పు ముందే పెరుగుతుంది.

ఆ శరీరంతోనే ఆమె విమానం ఎక్కుతున్నది. ఊళ్ళో ఆసుపత్రి అప్పు తీర్చడానికి ఎక్కినవారూ వున్నారు. ఆమె జబ్బు కువైట్‌లో పుట్టింది కాదు. ఇక్కడి వ్యాపార వైద్యమూ అక్కడి ఇంటిచాకిరీ కలిసి దానిని పెంచాయి. ఈ రెంటినీ వదిలి అరబ్బీ భాష రాకపోవడం దగ్గర కారణం వెదకడమేమిటి?

ఇక ఆ ఇల్లు. కువైట్‌లో 2015లో 68వ నంబరు చట్టం చేశారు. రోజుకు పని పన్నెండు గంటలకు మించకూడదు. వారానికొక రోజు సెలవు. ఏడాదికి ముప్ఫయి రోజులు జీతంతో సెలవు అని అందులో వ్రాసివున్నది. గల్ఫ్ దేశాలలో ఇటువంటి చట్టాలలో ఇది మెరుగైనదనే చెప్పాలి. కాని గమనించండి: మెరుగైన చట్టమే నడివయస్సు స్త్రీకి పన్నెండు గంటల చాకిరీని న్యాయమంటున్నది. ఆపైన, ఇల్లు కర్మాగారం కాదు. గేటు దగ్గర కూత వేయదు. తనిఖీ అధికారి తలుపు తట్టడు. కఫీల్ సంతకం లేకపోతే ఆమె అకామా లేదు. అకామా లేకపోతే ఆమె నేరస్థురాలు. తన పేరు మీద వున్న చట్టాన్ని తన కాళ్ళతో నడిచివెళ్ళి అడగలేని మనిషికి ఆ చట్టం వున్నా ఒకటే, లేకున్నా ఒకటే.

మా విద్యార్థి ఒకని తల్లి పదకొండేళ్ళు అక్కడ పనిచేసి తిరిగివచ్చింది. వయస్సు నలభై ఎనిమిది. చక్కెరజబ్బు, రక్తపోటు, రెండు మోకాళ్ళూ పనిచేయకపోవడం. అరబ్బు ఇంట్లో ఏమి కష్టమైందని నేను అడిగాను. తిండి అనో, మతం అనో, భాష అనో చెబుతుందని మన సిద్ధాంతవాదులు ఎదురుచూస్తారు. ఆమె అన్నది: "తిండికి లోటు లేదు మాస్టారూ. మాట ఆర్నెల్లలో వచ్చేసిందండి. నిద్దరొక్కటే కరువు. పిలుపెప్పుడొస్తాదో తెలీదు గదండీ, పడుకున్నా చెవి మేలుకునే ఉండేది. వచ్చి మూడేళ్ళయినా రాత్రి రెండింటికి మెలకువొచ్చేస్తాదండి."

ఈమె సర్దుకోలేదని ఎవరనగలరు? ఆరు నెలలలో పరాయి భాష నేర్చుకున్న మనిషి ఆమె. మన ఆనర్సు విద్యార్థులు మూడేళ్ళలో నేర్చుకోలేనిది! ఆమెకు తెలుగుదేశంలో కూడా ఆ చెవి ఇంకా మేలుకునే వున్నదంటే, సర్దుబాటు ఎంత పూర్తిగా జరిగిందో చూడండి. ఏళ్ళ తరబడి నిద్ర తరిగితే రక్తపోటు పెరుగుతుందని, ఒంట్లో చక్కెర అదుపు తప్పుతుందని వైద్యులు ఏనాడో తేల్చారు. ముట్లుడిగే వయస్సులో ఒళ్ళంతా ఆవిర్లు వచ్చి, చెమటలు పట్టి, అసలే నిద్ర విరుగుతుంది. దానిమీద పిలుపుల నిద్ర. మూడంతస్తుల ఇంట్లో రోజుకు యాభైమార్లు మెట్లెక్కి దిగే మోకాలు అరగడానికి సంస్కృతితో పనిలేదు. ఎండ తగలని గదులలో ఏళ్ళు గడిపిన ఒంటికి డి విటమిన్ కొరత రావడానికి వేరే సిద్ధాంతం అక్కరలేదు. ఇంటినుంచి పట్టుకుపోయిన మాత్రలు అయిపోతే, డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళవలసింది యజమానురాలు. ఆమెకు తీరిక వుండాలి, దయ వుండాలి. విదేశీయులకు ప్రభుత్వాసుపత్రి రుసుములను కువైట్ 2017లో పెంచింది కూడా. దయమీద, తీరికమీద ఆధారపడిన వైద్యం వైద్యం కాదు.

ప్రతివాదుల వాదంలో బలమైనది ఒకటి వున్నది. దాన్ని దాటవేయడం నిజాయితీ కాదు. వారంటారు: ముట్లుడగడం అనేది ఉత్త శరీర వ్యవహారం కాదు; సమాజం దానికిచ్చే అర్థాన్నిబట్టి స్త్రీ దానిని అనుభవిస్తుంది. ఇది నిజమే. జపాన్ స్త్రీలలో ఈ ఆవిర్ల బాధ ఉత్తర అమెరికా స్త్రీలలో చెప్పుకున్నంతగా కనిపించలేదని మార్గరెట్ లాక్ అనే మానవశాస్త్రవేత్త 1993లో పుస్తకమే వ్రాసింది. దానినిబట్టి మనవారు ఇలా అల్లుకుంటారు: మన ఇంట్లో ఈ వయస్సు స్త్రీకి గౌరవం పెరుగుతుంది, మైలలు, ఆంక్షలు తొలగుతాయి, తాళంచెవులు మొలలోకి వస్తాయి, అత్తగారు అవుతుంది. వలసపోతే ఈ పెద్దరికం పోతుంది. దానికి దుఃఖమే జబ్బు.

వినడానికి ఎంతో సానుభూతిగా వున్నది. కాని ఆ తాళంచెవులు ఎవరి మొలలో వున్నాయి? తాళం వేసుకోవడానికి కొట్టు వున్న ఇంట్లో. అత్తగారి విశ్రాంతి కోడలి చాకిరీమీద నిలబడినది. కోడలిని కాల్చుకుతిన్న పెద్దరికాన్ని స్త్రీ ఆరోగ్య రహస్యమని చెప్పడానికి అభ్యుదయ రచయితకు నోరెలా వస్తుంది? పైగా నాటుకూ కోతకూ పోయే స్త్రీకి ఆ పెద్దరికం ఎన్నడూ లేదు. నలభై అయిదేళ్ళకు ఆమె ఒరిగి నాట్లు వేస్తూనే వున్నది. లేనిదానిని పోగొట్టుకుని జబ్బు పడిందనడం, భూస్వామి ఇంటి ఆచారాన్ని తెలుగుజాతి అంతటికీ అంటగట్టడమే.

శాస్త్రం కూడా వీరు అనుకున్నంతగా వీరి పక్షాన లేదు. అమెరికాలో నడివయస్సు స్త్రీల ఆరోగ్యంపై ఒక పెద్ద పరిశీలన జరిగింది. 1996-97లో నలభై రెండు నుంచి యాభై రెండేళ్ళ మధ్య వయస్సున్న 3,302 మందిని చేర్చుకుని, ఏళ్ళ తరబడి గమనించారు. 2015లో ప్రకటించిన ఫలితాలలో, ఆవిర్ల బాధ ఎన్నేళ్ళుంటుందో లెక్క కట్టారు. నల్లజాతి స్త్రీలకు పదేళ్ళు దాటింది. తెల్లజాతి వారికి ఆరున్నర. జపాన్ సంతతి వారికి అయిదుకు కొంచెం తక్కువ. నల్లజాతి స్త్రీలు నిన్నమొన్న వలసవచ్చినవారు కారు. శతాబ్దాలుగా ఆ దేశంలో పుట్టి, ఆ భాష మాట్లాడి, ఆ తిండి తినేవారే. "సర్దుబాటు" వాదం నిజమైతే వారికే బాధ తక్కువ వుండాలి గదా! మానసిక ఒత్తిడి ఎక్కువైనవారికి, చదువు తక్కువైనవారికి ఆ బాధ ఎక్కువకాలం వుంటున్నదని అదే పరిశీలన చూపింది. జాతి వివక్ష కింద నలిగినవారికి ఒత్తిడి ఎక్కడినుంచి వస్తుందో అభ్యుదయవాదికి ఎవరూ చెప్పనక్కరలేదు. అన్నట్టు, ఆ పరిశీలనకు అయిదు జాతుల స్త్రీలను ఎన్నుకున్నారు. వారిలో భారతీయ స్త్రీ లేదు. అమెరికా వెళ్ళిన మన స్త్రీకే లెక్కలో చోటు దొరకకపోతే, కువైట్ వంటింట్లో వున్నదాని సంగతి అడగాలా?

అమెరికా దగ్గరకు వస్తానన్నాను. కూతురు కాన్పుకని, మనుమలను పెంచడానికని ఆరు నెలల సందర్శక వీసామీద వెళ్ళే యాభై ఏళ్ళ అమ్మమ్మను చూడండి. చట్టం దృష్టిలో ఆమె విహారయాత్రకు వచ్చింది. నిజానికి ఆమె పొద్దున పాలసీసా పట్టుకున్నది మొదలు రాత్రి అంట్లు సర్దేవరకు పనిలో వుంటుంది. శిశుసంరక్షణ కేంద్రానికి నెలనెలా చెల్లించవలసిన డాలర్లు ఆమె వెన్నెముక మీదుగా మిగులుతున్నాయి. ఆమె వెంట తీసుకుపోయిన సందర్శకుల బీమా సాధారణంగా పాత జబ్బులకు వర్తించదు. యాభై దాటిన తెలుగు స్త్రీకి రక్తపోటో, చక్కెరో, థైరాయిడో, ఏదో ఒక పాతజబ్బు లేకుండా వుంటుందా? "నీకేమమ్మా, హాయిగా అమెరికాలో వున్నావు" అని ఊళ్ళోవారు అంటారు. నొప్పి అని నోరెత్తితే కూతురికి బిల్లు అవుతుందని ఆమె నోరు మూసుకుంటుంది. దీనిని వాత్సల్యమంటారు. వాత్సల్యం నిజమే. అయితే అందులోని శ్రమ కూడా నిజమే. వేతనం లేని శ్రమకు మమకారమని పేరు పెట్టడం మన సమాజానికి కొత్త విద్య కాదు.

ఈ ఇద్దరి కష్టమూ సమానమని నేను చెప్పడం లేదు. అమ్మమ్మ పాస్‌పోర్టు ఎవరూ గుంజుకోలేదు. పొరపాటున పాలు ఒలికితే ఎవరూ కొట్టరు. ఆరు నెలల తరువాత ఆమెకు తిరుగు టిక్కెట్టు వున్నది. ఇద్దరూ స్త్రీలే గనుక ఇద్దరిదీ ఒకటే గాథ అని కలిపేస్తే వర్గభేదం మాయమవుతుంది. కాని ఇద్దరి జబ్బుకూ వైద్యులు, బంధువులు, రచయితలు ఒకే పేరు పెడుతున్నారు గనుక ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టవలసివచ్చింది. రెండు ఇండ్లలోనూ ఎవరో ఒకరు విశ్రాంతి తీసుకోవడానికి నడివయస్సు స్త్రీ విశ్రాంతి ఖర్చయిపోతున్నది.

ఇక మన శిబిరం సంగతి. తెనాలిలో 1943లో అభ్యుదయ రచయితలు మొదటి మహాసభ జరుపుకున్ననాటినుంచి శ్రామికుడు మన కథానాయకుడు. మంచిదే. కాని గల్ఫ్ శ్రామికుడనగానే మనకు కరీంనగర్ నుంచో, నిజామాబాద్ నుంచో పోయి ఎండలో భవనాలు కడుతున్న పురుషుడే కనిపిస్తాడు. అతడు శ్రామికుడు, అతని భార్య ఎదురుచూసే స్త్రీ. గోదావరి ఒడ్డునుంచి స్త్రీయే వెళ్ళి, భర్త ఎదురుచూస్తే మన కథ ఏమవుతుంది? వెంటనే అది శీలం కథ అవుతుంది. ఆమె అక్కడ ఏమైందో, మగడు ఇక్కడ ఎలా తాగుబోతయ్యాడో, పిల్లలు ఎలా చెడిపోయారో, ఇదే మన ఇతివృత్తం. ఆమె తిరిగివచ్చి మెడలో నాలుగు కాసుల గొలుసు వేసుకుంటే ఊరు గుసగుసలాడుతుంది. ఆ గుసగుసనే కొంచెం నీతి కలిపి మనం కథగా అచ్చు వేస్తున్నాము. కట్టడాల కార్మికుని వెన్నునొప్పి మనకు దోపిడీ; ఇంటిపనిమనిషి వెన్నునొప్పి కన్నీటిగాథ. ఈ తేడాను ఏ మార్క్సు నేర్పాడు?

కొందరు ఆవేశపరులు మరొక పరిష్కారం చెబుతారు: అసలు ఆడవాళ్ళను గల్ఫ్‌కు పంపడం నిషేధించాలట. నిషేధించిన ప్రతిసారీ వారు సందర్శక వీసామీద, దళారి చేతిలో పడి, లెక్కకు ఎక్కకుండా వెళుతూనే వున్నారు. ప్రభుత్వ సంస్థలద్వారానే వెళ్ళాలని 2016లో నియమం పెట్టిన తరువాత కూడా దళారి దుకాణం మూతపడలేదు. ఊళ్ళో నాట్లకు యంత్రాలు వచ్చాయి, కూలిరోజులు తగ్గాయి, కాలేజీ రుసుములు పెరిగాయి. వీటిని నిషేధించగలమా? ఆమె ప్రయాణాన్ని మాత్రం నిషేధిస్తామనడం సంరక్షకుని వేషంలో వున్న మగపెత్తనమే.

అడగవలసినవి వేరే వున్నాయి. ఇంటి కార్మికులకు గౌరవప్రదమైన పని వుండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒడంబడిక చేసింది. మన దేశం దానికి అనుకూలంగా ఓటు వేసింది. ఇంతవరకు దానిని ధ్రువీకరించలేదు. కువైట్‌తో 2021లో ఇంటి కార్మికుల విషయమై అవగాహన పత్రం కుదిరింది. దానిలోని హక్కులు గోదావరి, రాయలసీమ గ్రామాలలో తెలుగులో ఎవరైనా చదివి వినిపించారా? వెళ్ళేటప్పుడు చేసిన వైద్యపరీక్షను తిరిగివచ్చాక ప్రాథమిక ఆరోగ్యకేంద్రంలో ఉచితంగా మళ్ళీ చేయాలని, ఆమె పాత, కొత్త జబ్బుల వివరం ఆమె చేతికే ఇవ్వాలని మన సంఘాలు ఎన్నడైనా తీర్మానించాయా? గర్భసంచి ఆపరేషన్లమీద కఠినమైన తనిఖీ కావాలని, ముట్లుడిగిన స్త్రీకి ఎముకల పరీక్ష, గుండె పరీక్ష దగ్గరలో దొరకాలని అడిగామా? బాలింతకు, శిశువుకు కార్యక్రమాలు వున్నాయి, వుండవలసిందే. కాని కనడం ముగిసిన మరునాటినుంచి వృద్ధాప్య పింఛను వచ్చేవరకు స్త్రీ ఆరోగ్యం ఈ దేశంలో ఎవరి పట్టికలోనూ లేదు. కువైట్ వెళ్ళే స్త్రీ సరిగ్గా ఆ పట్టికలేని సంవత్సరాలనే అమ్ముకుంటున్నది.

చివరికి మన ఇండ్లమాట. ఈ పత్రిక చదివేవారిలో ఉపాధ్యాయులు చాలామంది. మన ఇండ్లలో అంట్లు తోమే మనిషికి వయస్సెంత? ఎక్కువభాగం ఆమె కూడా నలభై దాటినదే. ఆమెకు వారానికొక రోజు సెలవు ఎన్ని ఇండ్లలో వున్నది? నేలమీద కూర్చుని తోమలేకపోతే, నిలబడి తోముకునే గట్టు కట్టించిన అభ్యుదయవాదులు ఎందరు? కువైట్ చట్టపుస్తకంలో సెలవు కాగితం మీదనైనా వున్నది; ఇంటి కార్మికుల కోసమే చేసిన జాతీయచట్టం మన దేశంలో లేనేలేదు. గల్ఫ్ అరబ్బును తిట్టడం తేలిక. అతని ఇంటినీ మన ఇంటినీ ఒకే కొలతతో కొలిచినప్పుడే ఆ తిట్టుకు విలువ వుంటుంది.

సంస్కృతికి స్త్రీ ఆరోగ్యంతో సంబంధం లేదని ఎవరూ అనరు. పనిమనిషి నిద్రకు విలువ లేదనేది ఒక సంస్కృతి. బిడ్డలు పుట్టాక స్త్రీ శరీరంతో పనేమిటనేది ఒక సంస్కృతి. తల్లి శ్రమకు లెక్క కట్టడం తప్పనేది ఒక సంస్కృతి. ఇవి కువైట్‌లో వున్నాయి, అమెరికాలో వున్నాయి, కోనసీమలో వున్నాయి. ఈ సంస్కృతితో సర్దుకోలేకపోవడం జబ్బు అయితే, ఆ జబ్బు మనందరికీ అంటుకోవాలి. ఆమె ఇన్నేళ్ళూ సర్దుకున్నది చాలు. ఇక సర్దుకోవలసింది చట్టం, ఆసుపత్రి, యజమాని. ఆ వరుసలో మనం, మన సాహిత్యం కూడా.